ఎడమవైపు కీ ఉన్న వాచీ

నాకు తెలిసినవారిలో, ఒక వస్తువుకు నునుపు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి దానిని నాలుక కొసతో తాకి చూసే మనిషి ఆయన ఒక్కరే. ముందు దానిని సబ్బునీటితో కడిగేవారు. తెల్లటి గుడ్డతో తుడిచేవారు. తరువాత కళ్ళు మూసుకొని, ప్రార్థనలో ఉన్న మనిషి ముఖంతో, నాలుక కొసను అంచు వెంట మెల్లగా నడిపించేవారు. ఎక్కడో ఒకచోట అది ఆగేది. మన కంటికి గాని, వేలికి గాని అందని గరుకు ఒకటి అక్కడ ఉన్నదన్నమాట. మళ్ళీ పని మొదలయ్యేది.

“వేలు మొహమాటపడతాది బాబూ. నాలిక్కి మొహమాటం లేదు,” అనేవారు.

కిందటి నెలలో ఆయన భార్య ఫోను చేసి, ఆయన పోయారని చెప్పినప్పుడు నేను అరసవల్లిలో, మా అద్దె ఇంటి మెట్ల మీద కూర్చొని ఆఫీసుకు పోవడానికి బూట్లు వేసుకొంటున్నాను. నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆయన ముఖం కాదు, మూసిన ఆ కళ్ళు, ఆ నాలుక కొస. అలాంటి సమయంలో ఆమెతో అనవలసిన మాట అది కాదు కనుక, “వస్తున్నాను పిన్నిగారూ,” అని మాత్రం అన్నాను.

ఆయన పళ్ళు కట్టేవారు. దంతవైద్యుడు మాత్రం కారు. వైద్యులు రోగి నోటి అచ్చు తీసి పంపితే, అందులో ప్లాస్టరు పోసి దవడను తయారుచేసి, దాని మీద మైనంతో పళ్ళ వరుసను నిలిపి, చివరకు దానిని కట్టుడు పళ్ళ సెట్టుగానో, లోహపు తొడుగుగానో మార్చి వెనక్కు పంపడం ఆయన వృత్తి. డెంటల్ మెకానిక్ అంటారు. ఎవరైనా “డాక్టరుగారూ” అని పిలిస్తే వెంటనే దిద్దేవారు.

విజయనగరంలో వారి ఇంటి ముందుగదే ఆయన పనిగది. డిగ్రీ పూర్తిచేసి గుమాస్తా ఉద్యోగంలో చేరడానికి నేను ఆ ఊరు వచ్చినప్పుడు పై గది నాకు అద్దెకు ఇచ్చారు. కింద గోడ పొడవునా అరల నిండా ప్లాస్టరు దవడలు. వాటి పైన నా పడక. మా వంశంలో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటివాడిని నేనే. పొందూరులో మా అమ్మ, ఆమె తల్లి, ఆ తల్లికి తల్లి, అందరూ రాట్నం ముందు కూర్చున్నవారు. పట్టణంలో ఎవరితో ఎలా మాట్లాడాలో తెలియక, నేను ప్రతి వాక్యాన్నీ ముందు మనసులో రాసుకొని తరువాత పలికేవాడిని. ఇల్లు అడగడానికి వెళ్ళిన రోజున, నేను మాట్లాడుతున్నంతసేపూ ఆయన నా నోటినే చూశారు. భాషలో ఏదో తప్పు దొర్లిందని నాకు చెమట పట్టింది.

“కిందవరస ముందుపళ్ళు కొంచెం తోసుకున్నాయి బాబూ,” అన్నారు చివరకు. “బాగానే ఉన్నాది. ఎవులైనా సరిసేస్తామంటే ఒప్పుకోకండి.”

ఆయన మనుషులను అలాగే గుర్తుపట్టేవారు. ముందు నోరు, తరువాత కళ్ళు, చివరన పేరు. ఒక ఆదివారం నన్ను తమ బాప్టిస్టు చర్చికి తీసుకొని వెళ్ళారు. పాట మొదలై సంఘమంతా నోరు తెరవగానే ఆయన చూపు పాటల పుస్తకం మీద నిలవలేదు. ముందు వరుసలో ఒక పెద్దావిడ తల పైకెత్తి పాడుతున్నది. ఆయన మోచేత్తో నన్ను మెల్లగా పొడిచి, “మనదే,” అన్నారు. మరి కొంచెం సేపటికి, కిటికీ పక్కనున్న పెద్దమనిషిని చూపించి, “అదీ మనదే.”

“ప్రభువు ముందర కూడా మీ సెట్టులేనా?” అని ఆయన భార్య పళ్ళ బిగువున అన్నారు. ఆమె మిషను బడిలో కుట్లు నేర్పి రిటైరయినవారు. వంకరగా పడినది దారమైనా, మనిషి ప్రవర్తన అయినా ఊరుకొనేవారు కారు.

ఆ ‘మనదే’ అన్న మాట నా చెవి దాటి పోకూడదు. కట్టుడు పళ్ళు పెట్టుకొన్నవారు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోరు. ఎంత బాగా కుదిరితే అంత బాగా దాగిపోయే పని ఆయనది.

వాచీ మాట ఆ ఇంట్లోకి వచ్చిన ఉదయం నేను ఆఫీసుకు బయలుదేరుతూ మెట్ల దగ్గర ఉన్నాను. సాలూరు నుంచి ఒక లారీల యజమాని వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. గదికి సరిపోనంత మనిషి, గదికి సరిపోనంత గొంతు.

“డాక్టరు బాబూ, ఈ సెట్టు మాటాడితే టకటకమంటన్నాది. మా క్లీనర్లు నవ్వుతన్నారు.”

“డాక్టర్ని కాదండి. మెకానిక్కుని.”

“మెకానిక్కువా! ముందరే సెప్పవేటి మరి? మా బండి గేరుబాక్సు కూడా ఎత్తుకొద్దును గదా!”

ఆ నవ్వుకు సెట్టు నిజంగానే టకటకమన్నది. అయినా ఆయన ఆ నోటిని చూడలేదు. ఒక మనిషి నోటిని వదిలి ఆయన కళ్ళు మరోచోటికి పోవడం నేను మొదటిసారి చూశాను. ఆ చూపు యజమాని మణికట్టు మీద నిలిచింది. ఎనిమిది మూలల తెల్లని లోహపు చట్రం, నీలి ముఖం, ఆ నీలం మీద అడ్డంగా, ఊపిరి తగిలితే చెరిగిపోతాయేమో అన్నంత సన్నని గీతలు. స్విట్జర్లాండు వాచీ, అల్లుడు దుబాయి నుంచి తెచ్చాడట.

“ఒకపాలి ఇస్తారేటి? అచ్చు తీసుకుంటాను.”

“పళ్ళు సూడమంటే వాచీ సూస్తన్నావేటయ్యా! పాడైపోతే?”

“నోట్లో పెట్టే ముద్దేనండి. మింగేసినా ఏటీ అవదు.”

“నీటిలో ముంచినా ఏటీ అవదని మా అల్లుడు సెప్పినాడు. ముద్ద సంగతి సెప్పలేదు మరి,” అంటూనే యజమాని దానిని విప్పి ఇచ్చాడు.

రబ్బరు గిన్నెలో గులాబీరంగు పొడిని నీటితో కలిపి, ముద్దను పళ్ళెంలోకి తీసి, ఆయన ఆ వాచీని బోర్లా అద్దారు. ముద్ద గట్టిపడేదాకా యజమాని, ఆపరేషను గది బయట నిలబడిన తండ్రిలాగా లేచి తిరిగాడు. వాచీ శుభ్రంగా ఊడి వచ్చింది. కీ ఉన్న చోట మాత్రం, కీ పొడుచుకొని ఉండడం వల్ల, ముద్ద చిరిగిపోయింది. ఆ చిరుగును కత్తితో కోసి సరిచేసేసరికి అచ్చులో అటు పక్క, ఇటు పక్క ఒకేలాగ మిగిలాయి. ఆయన అందులో ప్లాస్టరు పోసి, ఆరిన తరువాత, ప్రతి దవడ మీదా రాసినట్టే పెన్సిలుతో ఒకవైపు ‘కుడి’ అని, ఒకవైపు ‘ఎడమ’ అని రాసి అర మీద దవడల మధ్య నిలబెట్టారు. యజమాని సెట్టును కూడా సరిచేశారనుకోండి. ఆ యజమాని సాలూరు చేరేదాకా నోరు మూయలేదని తరువాత తెలిసింది.

“అంత నచ్చిందా బాబాయిగారూ?” అని సాయంత్రం అడిగాను.

“నచ్చడం కాదు. ఎలగ సేసినారో నాకు తెలవాల. ఇన్నాళ్ళూ నోట్లో దాసే పనే సేసినాను. ఒక్కటి, ఒకే ఒక్కటి, సేతికి ఎట్టుకుని ఊరంతా తిరిగే పని సెయ్యాల.”

అక్కడినుంచి ఆ గదిలో జరిగినవాటిని నేను ఒక డిగ్రీ పొందిన మనిషిగా కాక, జాతరలో గారడీ చూస్తున్నవాడిలాగా చూశాను. చట్రాన్ని ముందు మైనంతో చెక్కారు. మైనం చుట్టూ నిప్పుకు ఓర్చే ప్లాస్టరు ముద్ద పోసి కొలిమిలో పెడితే మైనం కరిగి పోతుంది, దాని ఆకారంలో ఖాళీ మిగులుతుంది. పళ్ళ పలకలకు వాడే తెల్ల లోహాన్ని మంటతో కరిగించి, గిరగిర తిరిగే యంత్రంతో ఆ ఖాళీలోకి విసిరేవారు. ఇంతసేపూ వేలితో నొక్కితే సొట్టపడే వస్తువు, ముద్ద పగలగొట్టేసరికి ఇనుమును గీరే వస్తువై బయటికి వచ్చేది. గాజు స్థానంలో, పళ్ళ పనికే వాడే పారదర్శకమైన ప్లాస్టిక్కును పోసి నీరులా మెరిసేదాకా సానపట్టారు. గొలుసుకు ఒక్కొక్క ముక్కనూ విడిగా పోతపోయడం మొదలుపెట్టారు.

లోపలి యంత్రాన్ని మాత్రం ఆయన చేయలేదు. వారి నాన్నగారు సైకిలు మీద పల్లెపల్లెకూ తిరిగిన సువార్తికుడు. ఆ తండ్రి కట్టుకొన్న కీ వాచీ ఇంట్లో ఉండేది. చెమటకు చట్రం తినివేసినా యంత్రం నడుస్తూనే ఉంది. “లోపలిది మా అయ్యది. బయటిది నాది,” అన్నారు. ముఖం మీద కంపెనీ పేరు వేస్తారా అని అడిగితే నొచ్చుకొన్నారు. “ఆ పేరు ఆళ్ళది బాబూ. నాను నేర్సుకుంటన్నది ఆళ్ళ పని, ఆళ్ళ సంతకం కాదు.”

నాలుకతో చూడడం నాకు నేర్పింది ఆ రోజుల్లోనే. గొలుసు ముక్క ఒకటి కడిగి నా చేతికిచ్చి, గరుకు ఎక్కడుందో చెప్పమన్నారు. నేను తటపటాయించాను.

“ఇంకా ఎవుల నోట్లోకీ ఎల్లలేదు బాబూ, బయపడకండి.”

మొదట నాకు ఉప్పదనం తప్ప మరేమీ తెలియలేదు. పోను పోను, ఒకనాడు నా నాలుక ఒకచోట ఆగింది. ఆయన ఆ ముక్కను అందుకొని తన నాలుకతో చూసి, తల ఊపారు. పరీక్ష పాసైన రోజున కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

ఆయనను ఓడించినవి ముఖం మీది గీతలు. మైనపు బిళ్ళ మీద ఏ పనిముట్టుతో గీసినా ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా పడేవి. ఆ వారం నేను పొందూరు వెళ్ళినప్పుడు, మా అమ్మ పత్తిని దువ్వుతూ కూర్చున్నది. మా ఊళ్ళో సన్నఖద్దరు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ పళ్ళు అంత సన్నగా, అంత దగ్గరగా ఉంటాయి. అరిగి పక్కన పెట్టిన దవడ ఒకటి అడిగి కాగితంలో చుట్టి తెచ్చాను.

ఆయన దానిని అందుకొని, అలవాటు కొద్దీ తిప్పి చూశారు. “కింద దవడ. ఒక్క పన్నూ ఊగటం లేదు. ఎవులీ పేషెంటు?” అని నవ్వబోయి, భూతద్దం పెట్టుకొన్నాక నవ్వు ఆపేశారు. “ఇటువంటి వరస నాను ఎప్పుడూ ఎట్టలేదు బాబూ. ఇది సేసినవోడు ఏరే,” అన్నారు. ఆ దవడను మైనం మీద ఒక్కసారి, పసిబిడ్డ తల దువ్వినంత తేలికగా లాగారు. గీతలు పడ్డాయి. ముఖానికి నీలిరంగును ఆ లారీల యజమాని పంపాడు. తన బండ్ల తలుపులకు వేసే నీలమే.

చట్రం పూర్తయిన సాయంత్రం ఆయన దానిని పళ్ళెంలో పెట్టి వరండాలోకి తెచ్చారు. పిన్నిగారు టీ గ్లాసులు దించి, దానిని అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఇదేటండీ, కీ కన్నం ఎడం పక్కన ఎట్టినారు?”

ఆయన ఆ చట్రాన్ని చూశారు. గోడ మీది అరను, అక్కడి ప్లాస్టరు వాచీని, దాని మీది పెన్సిలు రాతను చూశారు. నోరు చూసే వృత్తిలో కుడి అంటే రోగి కుడి. ఎదురుగా కూర్చున్నవాడి కుడి మనకు ఎడమవైపు ఉంటుంది. ఆ చేయి అంతకాలమూ దవడల మీద అలాగే రాసింది, వాచీ మీద కూడా అలాగే రాసింది. ఆ రాతనే నమ్మి, కీ కోసం కన్నం పెట్టింది.

“నాకెదురుగా కూకుని నన్ను సూస్తన్నాదనుకున్నాను,” అన్నారు మెల్లగా.

“వాచీకి కూడా పళ్ళు కట్టినారన్నమాట,” అన్నారు పిన్నిగారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మళ్ళీ కొత్తగా పోత పోస్తానని, దానిని సొరుగులో పెట్టేశారు.

కొత్త పోతకు మైనం కరగనేలేదు. ఆ లోపలే ఒక ఉదయం ఆయన పనిబల్ల దగ్గర కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారు. పక్షవాతం. మాట దక్కింది, కాలు కొంత తిరిగి వచ్చింది. కుడి చేయి రాలేదు.

వైద్యులు మంచివారే, వచ్చి పలకరించారు, పండ్లు తెచ్చారు. అచ్చులు మాత్రం విశాఖపట్నం పంపడం మొదలుపెట్టారు. అరలలో దవడల మీద దుమ్ము పడింది. ఆయన వరండాలో కూర్చొని, కుడి చేతిని ఒడిలో పెట్టుకొని, ఎవరో అక్కడ మరచిపోయిన వస్తువులాగా దాని మీద తువ్వాలు కప్పేవారు. నేను ఎదురుపడితే నా చెప్పులను చూసేవారు.

“సెయ్యి పోనాదని కాదు బాబూ నా బెంగ,” అని పిన్నిగారు మెట్ల దగ్గర నన్ను ఆపి అన్నారు. “నోళ్ళు సూడ్డం మానేసినారు.”

మా అమ్మ ఆ రోజుల్లోనే విజయనగరం వచ్చింది. ఆమెకు పళ్ళన్నీ పోయాయి. కట్టించమని చాలాకాలంగా అడుగుతున్నది. ఆయన సంగతి దారిలో చెప్పి, మరొకరిని చూద్దామన్నాను. “ఆ బావు సేస్తాడన్నావు గదా, ఆ బావే సెయ్యాల,” అని ఆమె తిన్నగా వరండాలోకి పోయి ఆయన ముందర నేల మీద కూర్చున్నది.

“నాకు సెయ్యి లేదప్పా. ఇసాపట్నం తీసుకెల్లమను,” అన్నారాయన. అక్కను అప్ప అనడం మా వైపు మాట.

“రెండు కనపడతన్నాయి గదా బావూ.”

“కుడిది పోనాది.”

“ఎడందో?”

“దానికేటి తెలుసు?”

మా అమ్మకు కోపం వచ్చింది. ఎదురుగా రాట్నం ఉన్నట్టే సర్దుకొని కూర్చొని, కుడి చేతిని గుండ్రంగా తిప్పుతూ, ఎడమ చేతిని గాలిలోకి మెల్లగా, నిదానంగా వెనక్కు లాగింది.

“ఇదిగో సూడు. మా పనిలో కుడి సెయ్యి గానుగెద్దు. సుట్టూ తిరగడమే దాని బతుకు. దారం ఎంత సన్నం రావాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ తెగిపోతాదో, అదంతా ఎడం సెయ్యికే తెలుసు. మా యమ్మ నాకు ఎడం సెయ్యికే నేర్పినాది. నీ ఎడం సెయ్యికి ఎవులూ నేర్పలేదు. అంతే గదా?”

నేను సిగ్గుతో లేవబోయాను. పిన్నిగారు నా భుజం పట్టి ఆపారు. ఆయన తల ఎత్తి ఉన్నారు. ఆయన చూపు మా అమ్మ ఎడమ చేతి మీదనుంచి లేచి, ఆమె నోటి మీదికి వచ్చి ఆగింది.

“నోరు తెరప్పా,” అన్నారు.

తెరిచింది. ఆయన ముందుకు వంగి, చాలాసేపు చూశారు.

“నోట్లో ఎట్టేది నేర్సుకునే పని కాదు. ముందర నా వాచీ మీద పాడుసేస్తాను. అది బాగైతే నీ పళ్ళు నాను కడతాను. బాగవకపోతే ఇసాపట్నం పోదువు గాని.”

“వాచీ బాగయ్యీ వరకు నానేటి తినాల?”

“జావ తాగు.”

ఆ తరువాతి నెలలను తలచుకొంటే నాకు ఈనాటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. కుడి చేయి పట్టుకొనవలసిన వస్తువును ఒక ప్లాస్టరు ముద్దలో సగం పాతిపెట్టేవారు. ముద్ద పట్టుకొనేది, ఎడమ చేయి ఆకురాయి పట్టేది. ఆ చేయి మొదట ఏమీ వినలేదు. ఆకురాయి జారి ముక్కలు పాడయ్యేవి. నాలుక ప్రతి అంగుళానికీ ఆగేది; ఒకటి రెండు సార్లు కోసుకొని రక్తం కూడా వచ్చింది. ఆయన నోరు పుక్కిలించి, పాడైన ముక్కను కరిగించే పాత్రలో వేసి, మళ్ళీ మైనం అందుకొనేవారు. మంటను చూస్తే ఆమడ దూరం పోయే పిన్నిగారు, చీర కొంగు బిగించి, ముఖం పక్కకు తిప్పుకొని, లోహం కరిగించడం నేర్చుకొన్నారు. “సక్కగా సూడే!” అని ఆయన అరిచేవారు. “సూస్తే బయమేస్తాది, సూడకపోతే మీకు బయమేస్తాది, ఏటి సెయ్యమంటారు?” అని ఆమె అరిచేవారు. ఇల్లు మళ్ళీ ఇల్లయింది.

గొలుసులో సగం ముక్కలు కుడి చేయి బాగున్న రోజులలోనే అయిపోయాయి. మిగిలినవి ఎడమ చేతివి. నేను నా పద్ధతి ప్రకారం వాటిని రెండు గిన్నెలలో వేరుగా సర్దాను. ఆయన రెండింటినీ ఒకే గిన్నెలో కుమ్మరించి కలిపేశారు.

“ఇది ఏ సేతిదో ఏరుకోగలిగినన్నాళ్ళూ పని అవనట్టే బాబూ.”

చివరకు ఒక మధ్యాహ్నం, గిన్నెలో ముక్కలన్నింటినీ ఒక్కొక్కటే నాలుకతో చూసి, కళ్ళు తెరిచి, “ఊఁ,” అన్నారు. అంతే. ఇక చట్రం కొత్తది పోయాలి. సొరుగులోని పాతదానిని కొలతకని తీయించారు. పిన్నిగారు ఆయన కుడి చేతిని బల్ల మీద పరిచి, ఆ మణికట్టు మీద పెట్టి చూశారు. మేమెవరమూ చెప్పలేదు, ఆయన ఎడమ చేయి దానంతట అదే వచ్చి, బొటనవేలూ చూపుడువేలూ సరిగ్గా ఆ కన్నం దగ్గర వాలాయి. చచ్చిన చేతికి కట్టి, బతికిన చేత్తో కీ ఇవ్వడానికి, కీ ఉండవలసిన చోటు అదే.

ముగ్గురమూ ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయాము.

“తప్పని ఆవేళే సెప్పినాను,” అన్నారు పిన్నిగారు.

“తప్పే. కాదని ఎవులన్నారు? ఉంచీసుకుందాం,” అన్నారాయన.

నాన్నగారి యంత్రాన్ని సగం చుట్టు తిప్పి ఆ చట్రంలో కూర్చోబెట్టారు. ఆ ఆదివారం ఆయన కుడి చేతి చొక్కాను మోచేతిదాకా మడిపించుకొని చర్చికి వెళ్ళారు. తువ్వాలు కప్పలేదు. పలకరించినవారందరికీ ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి, పసిబిడ్డను చూపించినట్టు చూపించారు. సాలూరు యజమాని చూడడానికి వచ్చి, రెండు వాచీలనూ పక్కపక్కన పెట్టి గెడ్డం గోక్కున్నాడు.

“రెండూ ఒకలాగే ఉన్నాయి గానయ్యా, నాది ఎల్తన్న బండి, నీది ఎదురుగా వస్తన్న బండి.” గొంతు తగ్గించి, “మరి నా పై సెట్టు అరిగిపోనాది. ఎప్పుడు రమ్మంతావు?” అన్నాడు.

“ముందర అప్పది. తరవాత మీది.”

మా అమ్మ పళ్ళు ఎడమ చేత్తో కట్టినవి. పెట్టిన రోజున ఆమె కొంగుముడి విప్పి, వెంట తెచ్చుకొన్న వేయించిన సెనగలు నోట్లో వేసుకొన్నది.

“ఎలగున్నాదప్పా?” అని ఆయన ఆత్రంగా అడిగారు.

“ఉండు బావూ. తింటన్నాను.”

తరువాత నాకు శ్రీకాకుళం బదిలీ అయింది. ఆయన మరికొంత కాలం, నెమ్మదిగా, కొద్దికొద్దిగా పళ్ళు కట్టారని విన్నాను.

మా అమ్మతో కలిసి నేను వెళ్ళేసరికి పెట్టె మీద మట్టి పోస్తున్నారు. ఇంటికి తిరిగి వచ్చాక, పనిగదిలో పిన్నిగారు ఆ వాచీని నా చేతిలో పెట్టారు. నడుస్తున్నది. ఆ ఉదయం ఆమే కీ ఇచ్చారట.

“ఈ గొలుసులో ఆ సేత్తో సేసినవేవో, ఈ సేత్తో సేసినవేవో నాకు ఎప్పుడూ సెప్పలేదు బాబూ. అడిగితే నవ్వేవోరు. మీరు దగ్గరుండి సూసినారు గదా. మీరు సెప్పండి.”

కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. తెలియలేదు. భూతద్దంతో చూశాను. కళ్ళు మూసుకొని వేలితో తడిమాను. బంధువులు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నేను పెరట్లోకి వెళ్ళి, గొలుసును సబ్బునీటితో కడిగి, ఆయన పనిబల్ల మీది తెల్లగుడ్డతో తుడిచాను. అందరి ఎదుటా కళ్ళు మూసుకొని, నాలుక కొసను ఒక చివరి ముక్క మీద ఆనించి, మెల్లగా నడిపించాను. ఒక ముక్క, దాని పక్కది, దాని పక్కది.

“ఏటిరా, దొరికిందేటి?” అని మా అమ్మ ఆ పళ్ళతోనే అడిగింది.

గొలుసు రెండవ చివరకు వచ్చేశాను. ఎక్కడా ఆగలేదు.